వంటగది దాకా రాని సమానత్వం

పామిడి వద్ద పెన్న దాటి సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆకలితో ప్రయాణించేవారు అన్నం కంటే ముందు చదివేది హోటలు బోర్డునే. రెడ్డి మెస్, రాయర్ టిఫిన్లు, శెట్టి భోజనం, అయ్యంగార్ బేకరీ వంటి పేర్లు తెలుగు నేల మీద ఏ పట్టణానికీ కొత్తవి కావు. ఇవి రుచికి, శుచికి హామీ ఇచ్చే పేర్లేనని, వీటిలో కులాన్ని వెతకడం అనవసరమని చాలామంది సర్దిచెబుతారు. ఆ మాటే నిజమైతే ఒక ప్రశ్నకు సమాధానం దొరకాలి. మాదిగ మెస్ అనో, మాల భోజనశాల అనో ఒక బోర్డు రుచికి హామీగా ఈ రహదారి పొడవునా ఎక్కడైనా వేలాడుతున్నదా? కారం, చింతపండు, రాగి సంగటి, కోడికూర తెలిసిన చేతులు ఆ వాడల్లో లేకనా? ఉన్నాయి. లేనిది ఆ చేతి పేరు చెప్పి అన్నం అమ్మగల ధైర్యం, ఆ పేరు చదివి లోపలికి వచ్చే జనం.

మన కులచర్చల్లో హోటలు అనగానే రెండు గ్లాసుల పద్ధతి గుర్తుకు వస్తుంది. దళితులకు వేరే గ్లాసు, అది గోడకు కొట్టిన మేకుకో చూరుకో వేలాడుతుంది. తాగినవారే కడిగి అక్కడే పెట్టాలి. కొన్నిచోట్ల గ్లాసు కూడా ఉండేది కాదు, దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. ఈ అవమానాన్ని చట్టం గుర్తించకపోలేదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాలు, ప్రజా భోజనశాలలు, హోటళ్లలోకి ప్రవేశాన్ని కులం పేరిట అడ్డుకోరాదని స్పష్టంగా రాసుకున్నాం. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. దాని నాలుగో సెక్షన్ ప్రవేశంతో ఆగకుండా హోటలులోని పాత్రలను వాడుకునే హక్కును సైతం ప్రస్తావించింది. గ్లాసును చట్టం పేరు పెట్టి పట్టుకున్నదన్న మాట. అయితే అందుకు విధించిన శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. అర్ధ శతాబ్దం నాటి ఆ 500 రూపాయలు నేడు ఒక కుటుంబం హోటలులో చేసే ఒక పూట భోజనం ఖర్చు.

చట్టం వచ్చిన నాలుగు దశాబ్దాల తర్వాత కూడా రెండు గ్లాసులు పోలేదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియమించిన జస్టిస్ కె. పున్నయ్య కమిషన్ విచారణలో తేలింది. 2003లో రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్ చట్టం రావడానికి ఆ కృషి దారి వేసింది. కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటి సంస్థలు ఊరూరా తిరిగి హోటళ్ల ముందు నిలబడ్డాయి. ఈ పోరాటాల ఫలితాన్ని తక్కువ చేయరాదు. కానీ ఇటీవలి సంవత్సరాల్లో రెండు గ్లాసులు కనిపించకపోవడానికి మరో కారణం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. కాగితపు కప్పు వచ్చింది. అందరికీ ఒకటే కప్పు, తాగి పారేయడమే. కడగవలసిన అవసరం పోయింది కనుక ఎవరి ఎంగిలి ఎవరు కడగాలన్న ప్రశ్న తలెత్తకుండానే పక్కకు తప్పుకుంది. వస్తువు మారింది, మనసు పరీక్షకు నిలబడకుండానే ఉత్తీర్ణమైంది. కులం ఒకచోట ఓడిపోయినప్పుడు చచ్చిపోదు, చోటు మారుతుంది. ముందు గది నుంచి వెళ్లగొడితే వెనక గదిలో చేరుతుంది. హోటలు విషయంలో ఆ వెనక గది పేరు వంటగది.

అందుకే భోజనాన్ని గురించి మాట్లాడేటప్పుడు భవనాన్ని గురించి కూడా మాట్లాడాలి. మన పాత ఇళ్ల నమూనాలో కులం ఒక కొలత. వీధి అరుగు దాకా ఎవరు రావచ్చు, పడసాలలో ఎవరు కూర్చోవచ్చు, వంటింటి గడప ఎవరు దాటవచ్చు అన్నది గోడలే చెప్పేవి. రాయలసీమ మిద్దెల్లో పాలేరుకు అన్నం పెట్టే చోటు పశువుల కొట్టం దగ్గర ఉండేది. లోపలికి పోయేకొద్దీ మడి పెరిగేది, బయటికి వచ్చేకొద్దీ తగ్గేది. హోటళ్లు మొదలైన కొత్తలో ఇదే నమూనాను నకలు చేశాయి. మద్రాసు రాజధానిలో బ్రాహ్మణులకు వేరే గది లేదా తెర ఉన్న హోటళ్లు మామూలు సంగతి. రైల్వే భోజనశాలలకూ ఈ విభజన పాకింది. దానికి వ్యతిరేకంగా ఆత్మగౌరవ ఉద్యమం పోరాడవలసి వచ్చింది. 1957లో మద్రాసులో పెరియార్ అనుచరులు ఒక హోటలు బోర్డు మీది బ్రాహ్మణ అనే మాటను తొలగించాలని ఆందోళన చేశారు. బోర్డును చిన్న విషయంగా ఆనాటి తరం చూడలేదు.

ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక వాస్తుశిల్పం ఈ గోడలకు ఒక సమాధానం ఇస్తానన్నది. కాంక్రీటు స్తంభాలు బరువు మోస్తే గోడ అవసరం తగ్గుతుంది. గోడ అవసరం తగ్గితే లోపలి గది, బయటి గది అన్న తేడాను వాస్తుశిల్పి కోరుకుంటే చెరిపివేయవచ్చు. తెరిచిన విశాలమైన హాలు, అందరికీ ఒకే వెలుతురు, అలంకారం లేని నిజాయితీ, ఇదీ దాని వాగ్దానం. స్వతంత్ర భారతం ఆ వాగ్దానాన్ని ఇష్టపడింది. చండీగఢ్‌ను లె కార్బూజియే బృందానికి అప్పగించింది. అయితే ఆ కొత్త నగరంలో ప్రభుత్వోద్యోగుల ఇళ్లను ముఖ్యమంత్రి నుంచి బంట్రోతు దాకా హోదా ప్రకారం పదమూడు రకాలుగా విభజించి గీశారన్నది కూడా చరిత్రే. గీత కొత్తది, నిచ్చెన పాతది.

భోజనశాలల విషయంలోనూ ఇదే. ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధమైన ఆధునిక భవనాల్లో ఒకటైన న్యూయార్క్‌లోని సీగ్రమ్ భవనంలో 1959లో ఫోర్ సీజన్స్ అనే రెస్టారెంటు తెరిచారు. భవనం మీస్ వాన్ డెర్ రోహెది, భోజనశాల లోపలి రూపం ఫిలిప్ జాన్సన్‌ది. దాని గోడలకు చిత్రాలు గీసే పని చిత్రకారుడు మార్క్ రోత్కోకు అప్పగించారు. ఆయన ఒప్పుకున్నాడు, చిత్రాలూ గీశాడు. తర్వాత అక్కడికి భోజనానికి వెళ్లి, ఆ వాతావరణాన్ని చూసి, చిత్రాలు ఇవ్వనని డబ్బు తిరిగి ఇచ్చేశాడు. సంపన్నులు తమ బలాన్ని పరస్పరం ప్రదర్శించుకునే చోటుగా మారిన హాలులో తన చిత్రాలకు పని లేదని ఆయన భావించాడు. గాజు గోడలు పారదర్శకంగానే ఉన్నాయి. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారన్నదే అక్కడి అసలు గోడ. భవనం ఆధునికమైనంత మాత్రాన భోజనం ఆధునికం కాదన్న సంగతికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ దొరకదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉన్నది. పామిడి మీదుగా పోయే ఈ రహదారే దక్షిణాన కన్యాకుమారిలో ముగుస్తుంది. అక్కడి నుంచి రెండు మూడు గంటల ప్రయాణం తిరువనంతపురం. శబరిమల యాత్రకు, అనంతపద్మనాభుడి దర్శనానికి పోయే మన జిల్లా వాసులకు ఆ ఊరు పరిచయమే. కరువు తరిమితే కూలి వెతుక్కుంటూ కేరళ దారి పట్టిన అనంతపురం పల్లెలకు మరింత చేదుగా పరిచయం. ఆ ఊళ్లో తంపానూరు బస్టాండు, రైల్వేస్టేషన్ పక్కనే ఎర్రని ఇటుకల గుండ్రటి బురుజు వంటి ఒక కట్టడం నిలబడి ఉంటుంది. అది ఇండియన్ కాఫీ హౌస్. దాన్ని రూపొందించినవాడు లారీ బేకర్. ఇంగ్లండ్‌లో పుట్టి, కుష్ఠురోగుల సేవకు భారతదేశం వచ్చి, గాంధీ మాటల ప్రభావంతో ఇక్కడే ఉండిపోయి, తక్కువ ఖర్చుతో స్థానిక ఇటుకతో ఇళ్లు కట్టిన మనిషి. ఆధునికతను కాంక్రీటు ఆడంబరం నుంచి విడదీసి ఇటుకలో చూపించినవాడు. 1990లో పద్మశ్రీ అందుకున్నాడు.

ఆ కాఫీ హౌస్ లోపల అంతస్తులు లేవు. నేల మెల్లగా వాలుతూ, మధ్యనున్న గుండ్రటి దిమ్మె చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. మెట్లకు బదులు ఒకే వాలుబాట. ఆ బాట వెంట బయటి గోడకు ఆనుకుని బల్లలు, కూర్చునే గట్లు కట్టడంలో భాగంగానే ఉన్నాయి. వాటిని కదపలేం. ఇటుకల మధ్య వదిలిన ఖాళీల నుంచి గాలి, వెలుతురు ప్రతి బల్లకూ ఒకే తీరున అందుతాయి. ఇక్కడ లోపలి గది అనదగినది లేదు. గౌరవప్రదమైన మూల లేదు, అవమానకరమైన మూల లేదు. వచ్చినవారు బాట వెంట నడుస్తూ ఖాళీ ఉన్న బల్ల దగ్గర ఆగుతారు. వెనక వచ్చినవారు పక్కనుంచి దాటి పైకి పోతారు. ఒక మనిషిని వేరుగా కూర్చోబెట్టాలన్నా ఆ భవనం సహకరించదు. జాబితాలో బీట్‌రూట్ కలిపిన మసాలా దోశ ఉంటుంది, గుడ్డు ఉంటుంది, మాంసం ఉంటుంది. శాకాహారి, మాంసాహారి ఎదురెదురుగా ఒకే గట్టు బల్ల మీద తింటారు.

ఈ కట్టడం నిలబడిన ఊరి చరిత్ర తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. తిరువాన్కూరు సంస్థానం ప్రజల పన్నులతో నిండిన ఖజానా నుంచి ఊట్టుపురలు నడిపేది. అవి బ్రాహ్మణులకు ఉచితంగా భోజనం పెట్టే శాలలు. అదే రాజ్యంలో అవర్ణులకు గుడి చుట్టూ ఉన్న వీధులే నిషిద్ధం. 1936 నవంబరు 12న ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడే వరకూ గుడి తలుపు తెరుచుకోలేదు. అంతకు ముందే 1917లో కొచ్చి ప్రాంతంలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ ఈళవులను, పులయలను ఒకే పంక్తిన కూర్చోబెట్టి మిశ్రభోజనం చేయించాడు. అందుకు ఆయన సొంత కులమే ఆయనను పులయ అయ్యప్పన్ అని వెక్కిరించింది. ఆయన ఆ పేరును బిరుదుగా స్వీకరించాడు. ఖజానా సొమ్ముతో ఒక కులానికి అన్నం పెట్టిన రాజధానిలో నేడు ఎవరైనా నడిచి వచ్చి కూర్చోగల గట్టు బల్ల ఉన్నదంటే దాని వెనక ఇంత దూరం ఉన్నది.

బేకర్ గీసిన గీత ఒక్కటే ఆ కాఫీ హౌస్‌ను ప్రజాస్వామికం చేయలేదన్నది మరింత ముఖ్యమైన విషయం. కాఫీ హౌస్‌లను మొదట 1936లో బొంబాయిలో కాఫీ సెస్ కమిటీ ప్రారంభించింది. ఆ తర్వాత కాఫీ బోర్డు వాటిని నడిపింది. 1950ల నడుమ బోర్డు వాటిని మూసివేసి సిబ్బందిని తొలగించేందుకు సిద్ధమైంది. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957 ఆగస్టులో బెంగళూరులో తొలి సంఘం, 1958లో కేరళలోని త్రిశూరులో మరో సంఘం పుట్టాయి. వడ్డించేవాడు, వండేవాడు, కప్పులు కడిగేవాడు ఆ సంస్థలో వాటాదారులు. బోర్డు మీద ఒక కులం పేరు లేదు, ఒక యజమాని పేరు లేదు. హాలులోని సమానత్వానికి వంటగదిలోని సహకారం పునాది. భవనం చేసింది ఆ పునాదికి తగిన రూపం ఇవ్వడం.

కాఫీ హౌస్‌ను స్వర్గంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కలిసి భోజనం చేసినంత మాత్రాన కులం పోదని 1936లోనే అంబేడ్కర్ కుల నిర్మూలనలో తేల్చి చెప్పాడు. సహపంక్తి భోజనాల వల్ల కుల స్పృహ చావలేదని, శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం, కులాంతర వివాహానికి అడ్డు ఉన్నంతవరకూ అది చావదని ఆయన వాదన. తెలుగునాట గోరా దంపతులు ఏళ్ల తరబడి సహపంక్తి భోజనాలు నిర్వహించారు. కులాంతర వివాహాలను తమ ఇంటి నుంచే మొదలుపెట్టారు. భోజనంతో ఆగకూడదని వారికీ తెలుసు. అయితే అంబేడ్కర్ మాటను నేడు కొందరు తలకిందులుగా వాడుతున్నారు. కలిసి తింటే కులం పోదు కదా, విడిగా తింటే తప్పేమిటన్నది వారి తర్కం. మందు ఒక్కటే చాలదని వైద్యుడు చెబితే విషం తాగమని అర్థం చేసుకోవడం వంటిది ఇది.

ఇప్పుడు మన సొంత నేలకు వద్దాం. శ్రీశైలంలో గుడి చుట్టూ కులాల పేరుతో సత్రాలు వరుస తీరి ఉంటాయి. బ్రాహ్మణ, ఆర్యవైశ్య, రెడ్డి, కమ్మ, ఇలా ఆ జాబితా పెరుగుతూనే ఉన్నది. వాటిలో కొన్ని వసతిని, భోజనాన్ని తమవారికే ప్రత్యేకించుకున్నాయి. ఒకనాటి పెంకుటిళ్ల స్థానంలో లిఫ్టులు, గాజు కిటికీలు, చలువగదులతో అంతస్తుల భవనాలు లేచాయి. కట్టడంలో ఆధునికత పెరిగినకొద్దీ గడప దగ్గర అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. ఒకే మల్లన్న దర్శనానికి ఒకే వరుసలో నిలబడినవారు అన్నం వేళకు కులాలుగా విడిపోతారు. దేవుడి ముందు సమానత్వం కంటే విస్తరి ముందు సమానత్వం కష్టమైనదని ఆ వీధులు చెబుతాయి.

ప్రైవేటు ధర్మసంస్థల సంగతి వదిలినా, ప్రభుత్వాలు అదే దారి పట్టడం నేటి సమస్య. తెలంగాణ ప్రభుత్వం 2021లో హైటెక్ సిటీ దాపున ఖానామెట్‌లో వెలమ, కమ్మ సంఘాలకు ఐదేసి ఎకరాలు కేటాయించింది. దానిపై దాఖలైన వ్యాజ్యంలో 2023లో హైకోర్టు స్టే ఇచ్చింది. అదే ఏడాది మే 31న గోపనపల్లిలో ప్రభుత్వ సొమ్ముతో కట్టిన బ్రాహ్మణ సంక్షేమ సదనం ప్రారంభమైంది. బీసీ కులాలకు ఉప్పల్ భగాయత్, కోకాపేటల్లో ఆత్మగౌరవ భవనాల పేరిట స్థలాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ కులాల వారీ భవనాలు ఎన్నికల హామీల్లో భాగమయ్యాయి. పార్టీలు మారినా ఈ పద్ధతి మారలేదు.

ఈ విషయంలో అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కులసంస్థల వల్ల మేలు జరగలేదని అనలేం. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టల్ వంటివి పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు చదువు చూపించాయి. సంచార కులాలకు, చేతివృత్తులవారికి పెళ్లి చేసుకునేందుకు ఒక హాలు అద్దెకు దొరకని పరిస్థితి నిన్నటిదాకా ఉన్నది, కొన్నిచోట్ల నేడూ ఉన్నది. తలుపు మూసినచోట తమ తలుపు తాము కట్టుకోవడం ఆత్మరక్షణ. తలుపు ఎప్పుడూ మూయబడనివారు ప్రభుత్వ భూమిలో కొత్త తలుపు కట్టించుకోవడం మరొకటి. ఊరి చివర వాడలో నిలబడిన అంబేడ్కర్ భవనంలో ఎవరు శుభకార్యం చేసుకున్నా వద్దనేవారు లేరు. ఊరి నడుమనున్న కల్యాణమండపంలో మాంసం వండరాదన్న ఒక్క నిబంధన చాలు, ఎవరి పెళ్లి అక్కడ జరగదో నిర్ణయించడానికి. కులం పేరు రాయనక్కరలేదు, వంట పేరు రాస్తే సరిపోతుంది.

వంట పేరు, వండేవాడి పేరు ఎంత సులువుగా ఆయుధాలవుతాయో 2024లో దేశమంతా చూసింది. మార్చిలో జొమాటో సంస్థ శుద్ధ శాకాహారులకు ప్రత్యేక సిబ్బందిని, ఆకుపచ్చ దుస్తులను ప్రకటించింది. అద్దె ఇళ్ల వద్ద, గేట్ల వద్ద ఎర్ర దుస్తుల కుర్రాడిని మాంసం తెచ్చేవాడిగా గుర్తించి ఆపుతారన్న విమర్శ రాగానే మర్నాడే ఆ రంగును ఉపసంహరించుకుంది. జులైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కాంవడ్ యాత్ర దారిలోని హోటళ్ల యజమానులు తమ పేర్లు ప్రదర్శించాలన్న ఆదేశాలు వచ్చాయి. జులై 22న సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇచ్చింది. ఏ ఆహారం దొరుకుతుందో చెబితే చాలు, ఎవరు అమ్ముతున్నారో చెప్పమని బలవంతపెట్టరాదన్నది ఆ ఉత్తర్వు సారం. ఆ ధర్మాసనంలో ఒకరైన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మన మదనపల్లె మనిషి. కేరళలో తాను పనిచేసిన కాలంలో ఒక హిందువు, ఒక ముస్లిం నడిపే రెండు శాకాహార హోటళ్లు ఉండేవని, శుభ్రత చూసి తాను ముస్లిం హోటలుకే వెళ్లేవాడినని ఆయన విచారణ సందర్భంగా చెప్పారు. శుచిని పుట్టుక నుంచి విడదీసి కడిగిన నేలలో, తుడిచిన బల్లలో చూడగలగడమే ఆ మాటలోని సారాంశం. రాయలసీమలో పుట్టిన ఒక న్యాయమూర్తి మాటను రాయలసీమ హోటళ్లు ఎంతవరకు అందుకున్నాయి?

బోర్డు మీది పేరును ప్రభుత్వం బలవంతంగా రాయిస్తే అది వివక్ష. మనకు మనమే గర్వంగా రాసుకుంటే అది వ్యాపారం. ఈ రెండో దానిని నిషేధించాలని కోరడం కంటే, ఆ పేరు ఎందుకు అమ్ముడవుతుందో ప్రశ్నించడం అవసరం. వందేళ్ల కిందట కొల్హాపూర్‌లో గంగారాం కాంబ్లే అనే దళితుడు తెరిచిన సత్యసుధారక్ హోటలులో ఛత్రపతి సాహు మహరాజ్ స్వయంగా టీ తాగాడు. తన వెంట ఉన్న అధికారుల చేతా తాగించాడు. అంటరానివారిని తన భోజనశాలకు పిలిచి ఉంటే అది రాజుగారి ఔదార్యం అయ్యేది. వారి కొట్టుకు తాను వెళ్లడం వల్ల అది మార్పు అయింది. దళితుడు తినేవాడిగా హోటలులోకి రావడం ఒక హక్కు. వండేవాడిగా, యజమానిగా రావడం దానికంటే కష్టమైన హక్కు. మన చట్టాలు మొదటిదాని దగ్గర ఆగిపోయాయి.

రెండో హక్కును మన న్యాయస్థానం ఒకసారి తాకింది. మధ్యాహ్న భోజన పథకంలో వంటవారి నియామకాల్లో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత దళిత మహిళ వండిన అన్నాన్ని పిల్లల చేత మాన్పించిన ఘటనలు అనేక రాష్ట్రాల నుంచి వార్తలయ్యాయి. కుల స్పృహకు అసలు పరీక్ష గ్లాసు దగ్గర కంటే పొయ్యి దగ్గర జరుగుతుందని అవి రుజువు చేశాయి. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం. అన్నం పెట్టిన తల్లిగా ఆమెను స్మరించడం సముచితమే. అదే పథకంలో నెలకు 3 వేల రూపాయల గౌరవవేతనంతో పొయ్యి ముందు నిలబడే మహిళను ఏ పేరుతో స్మరిస్తున్నాం?

2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లు ఈ చర్చలో ఆశ పుట్టించే ప్రయోగం. 5 రూపాయలకు భోజనం, ఎవరినీ కులం అడగని వరుస, నిలబడి తినే ఉమ్మడి బల్లలు. కరువు ప్రాంతం నుంచి పనికి వచ్చిన కూలీకి ఇది దానం కాదు, పట్టణం మీద అతడి హక్కు. హాలు మేరకు ఇది బేకర్ వాలుబాటకు దగ్గరగా వచ్చింది. కానీ అన్నం దూరంగా ఉన్న కేంద్రీకృత వంటశాలలో తయారై వాహనంలో వస్తుంది. వంటగది దూరమైతే వంటగది గురించిన ప్రశ్నా దూరమవుతుంది. అక్కడ ఎవరు వండుతారు, ఏది వండరాదని ఎవరు నిర్ణయిస్తారు, గుడ్డుకు చోటు ఎందుకు లేదు అన్నది తినేవారికి కనిపించదు. ఉల్లి, వెల్లుల్లి లేని మధ్యాహ్న భోజనం గురించి కర్ణాటకలో కొన్నేళ్ల కిందట సాగిన వాదం ఇదే. ప్రజల సొమ్ముతో ప్రజలకు పెట్టే అన్నానికి ఒక వర్గపు మడి కొలత కాకూడదు.

దీనికి పరిష్కారం రాజ్యాంగంలోనే ఉన్నది. 15వ అధికరణం రెండో క్లాజు హోటళ్లతో ఆగలేదు. పూర్తిగా గానీ, పాక్షికంగా గానీ ప్రభుత్వ నిధులతో నిర్వహించే బావులు, చెరువులు, రహదారులు, ప్రజలు చేరే స్థలాల విషయంలోనూ కుల నిషేధం చెల్లదన్నది. ఊరి చెరువు విషయంలో మనం ఒప్పుకున్న ఈ సూత్రాన్ని ఊరి భోజనశాలకు వర్తింపజేయాలి. ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ నిధులతో కట్టే ఏ భవనమైనా, దానికి ఏ కులం పేరున్నా, అందులోని హాలు, వంటగది ఊరందరికీ ఒకే అద్దెకు దొరకాలి. ఏమి వండుకోవాలన్నది అద్దెకు తీసుకున్నవారి ఇష్టం కావాలి. ప్రభుత్వ భోజనశాలల వంటశాలల్లో 2004 నాటి సుప్రీంకోర్టు ఆదేశపు స్ఫూర్తితో నియామకాలు జరగాలి. వాటిని కాంట్రాక్టర్ల బదులు స్థానిక మహిళా సంఘాలకు, కార్మిక సహకార సంఘాలకు అప్పగించాలి. 500 రూపాయల జరిమానాను సవరించడానికి పార్లమెంటుకు ఒక్క పూట చాలు.

పామిడి వంటి పట్టణంలో ఇది పెద్ద ఖర్చు కాదు. బట్టల దుకాణాలకు, కుట్టుపనికి పేరున్న ఈ ఊరికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు పనికి వస్తారు. వాన కరుణించని ఏడాది వేరుశనగ చేను వదిలి రైతుకూలీలు వస్తారు. వారందరూ మధ్యాహ్నం కూర్చుని తినగల ఒక ఉమ్మడి భోజనశాల, దాన్ని నడిపే ఒక మహిళా సహకార సంఘం, ఆ సంఘంలో వాడ మహిళలకు పొయ్యి దగ్గరా లెక్కల పుస్తకం దగ్గరా సమాన స్థానం, కోరదగినది ఇంతే. దాన్ని కట్టేవారు బేకర్ వంటి వాస్తుశిల్పి కానక్కరలేదు. లోపలి గది లేకుండా గీస్తే చాలు, వంటగది అందరికీ కనిపించేలా గీస్తే మరీ మంచిది.

రెండు గ్లాసులను కాగితపు కప్పు దాచిపెట్టింది. పాత సత్రాన్ని గాజు కిటికీ దాచిపెట్టింది. ఇవి రెండూ మార్పులాగా కనిపిస్తాయి కనుకనే అప్రమత్తత అవసరం. ఒక హోటలులో, ఒక సత్రంలో, ఒక కులభవనంలో సమానత్వం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ముందు ద్వారం దగ్గర నిలబడి చూస్తే చాలదు. వెనక్కి వెళ్లి పొయ్యి ముందు ఎవరున్నారో, గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారో, అందరూ తిన్నాక తొట్టి దగ్గర వంగి పళ్లాలు కడుగుతున్నది ఎవరో చూడాలి. ఈ మూడు చోట్లా ఊరిలోని అన్ని వాడల మనుషులు కనిపించిన రోజున బోర్డు మీద ఏ పేరున్నా పట్టించుకోనక్కరలేదు.